మాల్దీవుల పగడపు దిబ్బల నడుమ వారం రోజులు: లివ్‌అబోర్డ్ డైవింగ్‌కు సిద్ధపడే పద్ధతి

మాల్దీవుల్లో డైవింగ్ చేయడానికి రెండు దారులున్నాయి. ఒక దీవిలో బస చేసి, పొద్దున పడవెక్కి దగ్గరలో ఉన్న దిబ్బల వద్ద నీటిలోకి దిగి, మధ్యాహ్నానికి గదికి తిరిగి రావడం మొదటిది. పడకగదులు, వంటగది, డైవింగ్ సామగ్రి అన్నీ ఉన్న పెద్ద పడవలోనే వారం రోజులు నివసిస్తూ, రాత్రి ఒక చోట లంగరు వేసి, తెల్లవారగానే మరొక చోట నీటిలోకి దిగడం రెండవది. దీనినే డైవర్లు లివ్‌అబోర్డ్ అంటారు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 870 కిలోమీటర్ల పొడవున, 1,192 దీవులు 26 వలయాలుగా పరుచుకొని ఉన్న దేశం అది. ఆ వలయాన్ని ప్రపంచమంతా అటాల్ అని పిలుస్తుందంటే, ఆ మాట అక్కడి దివెహి భాష నుంచి వెళ్ళినదే. ఒక దీవికి కట్టుబడి ఉన్నవారు ఒక వలయంలో ఒక మూలను మాత్రమే చూడగలుగుతారు. పడవలో ఉన్నవారు వారంలో మూడు నాలుగు వలయాలు తిరిగి, పదిహేడు పద్దెనిమిది డైవ్‌లు చేయగలుగుతారు.

ఆ సంఖ్యను చూసి ఉత్సాహపడేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ ప్రయాణం బాగా జరగడమూ చెడిపోవడమూ రెండు విషయాల మీద ఆధారపడి ఉంటాయి: నీరు ఎటు పారుతున్నదో తెలుసుకొని దానికి తలవంచడం, శరీరంలో రోజురోజుకూ పోగుపడే నత్రజనినీ అలసటనూ లెక్క వేసుకోవడం. పడవ ఎంపిక, సామాను సర్దుకోవడం, తిండి, నిద్ర వంటివన్నీ ఈ రెండింటి కిందికే వస్తాయి.

ఏ నెలలో, ఏ దారిలో

మాల్దీవుల సముద్రం రుతుపవనాలను బట్టి దిశ మార్చుకుంటుంది. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య గాలులు వీచే కాలంలో నీరు తూర్పు నుంచి పడమరకు సాగుతుంది. అప్పుడు వలయాల తూర్పు అంచున ఉన్న కాలువల గుండా మహాసముద్రపు స్వచ్ఛమైన నీరు లోపలికి వస్తుంది. వడిగా వచ్చే ఆ నీటికి ఎదురుగా సొర చేపలు కాలువ ముఖద్వారాల వద్ద బారులు తీరుతాయి. అదే నీరు వలయంలోని సూక్ష్మజీవరాశిని, అంటే ప్లాంక్టన్‌ను, వెంట తీసుకొని పడమటి వైపు బయటికి పోతుంది కనుక, ప్లాంక్టన్‌ను తిని బతికే మాంటా అనే పెద్ద టేకు చేపలు ఆ నెలల్లో పడమటి అంచున కనిపిస్తాయి. మే నుంచి నవంబరు వరకు నైరుతి కాలంలో ఇదంతా తిరగబడుతుంది: మాంటాలు తూర్పుకు, స్వచ్ఛమైన నీరు పడమరకు.

అందుచేత ఏ నెల మంచిదని అడగడం కంటే, మీకు ఏమి చూడాలని ఉందో తేల్చుకొని దానికి తగిన దారిని ఎంచుకోవడం మంచిది. మొదటిసారి వెళ్ళేవారికి జనవరి నుంచి ఏప్రిల్ లోపు, మాలే, వావు, అరి వలయాలను కలిపే మధ్య దారిని నేను సూచిస్తాను. ఆ నెలల్లో సముద్రం శాంతంగా ఉంటుంది, పడవ ఊగడం తక్కువ, వావులో కాలువలూ అరిలో ‘తిల’లూ ఒకే ప్రయాణంలో చూడవచ్చు. తిల అంటే సముద్రపు అడుగు నుంచి పైకి లేచి, నీటి మట్టానికి కొన్ని మీటర్ల కిందనే ఆగిపోయిన పగడపు గుట్ట. ‘కందు’ అంటే కాలువ. ఈ రెండు మాటలు తెలిస్తే అక్కడి డైవింగ్ చోట్ల పేర్లలో సగం అర్థమైపోతాయి. మాంటాల గుంపులను చూడాలన్న కోరిక ఉన్నవారు నైరుతి కాలంలో బా వలయానికి వెళ్ళాలి. 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిన ఆ వలయంలోని హనీఫరు అఖాతంలో స్కూబాకు అనుమతి లేదు. స్నార్కెల్‌తో పైనుంచి మాత్రమే చూడనిస్తారు. దక్షిణాన ఫువహ్‌ములా వద్ద పులి సొరల కోసం వెళ్ళే దారి అనుభవజ్ఞులది. ఆ పేరు విని ఆశపడి మొదటి ప్రయాణంలోనే అటు వెళ్ళవద్దు.

అర్హత, ఆరోగ్యం, పత్రాలు

ఓపెన్ వాటర్ కోర్సు 18 మీటర్ల వరకు, అడ్వాన్స్‌డ్ కోర్సు 30 మీటర్ల వరకు దిగడానికి శిక్షణ ఇస్తాయి. మాల్దీవుల నిబంధనల ప్రకారం వినోదం కోసం చేసే డైవ్‌లు 30 మీటర్లు దాటకూడదు, పైకి వచ్చేటప్పుడు డీకంప్రెషన్ కోసం, అంటే ఒంట్లో చేరిన నత్రజని బయటికి పోవడం కోసం, తప్పనిసరిగా ఆగవలసినంత సేపు కింద ఉండకూడదు. కాలువ డైవ్‌లు చాలావరకు 25 నుంచి 30 మీటర్ల మధ్య జరుగుతాయి కనుక అడ్వాన్స్‌డ్ అర్హతతో పాటు యాభై డైవ్‌ల అనుభవం కావాలని చాలా పడవలు అడుగుతాయి. ఈ షరతును ఎలాగైనా దాటవేయాలని చూసేవారిని నేను ఎరుగుదును. వారు మొదటి కాలువ డైవ్‌లోనే, పది నిమిషాలు తిరగకముందే గాలి అయిపోయి, తమతో పాటు మరొకరిని కూడా పైకి తీసుకువెళ్ళవలసి వస్తుంది.

మన తెలుగువారిలో చాలామంది విశాఖలో రుషికొండ వద్దనో, పుదుచ్చేరిలోనో, మురుడేశ్వర్ దగ్గర నేత్రాని దీవి వద్దనో, అండమాన్ స్వరాజ్ ద్వీపంలోనో డైవింగ్ నేర్చుకుంటారు. తూర్పు తీరపు మసక నీటిలో నేర్చుకోవడం ఒక విధంగా మేలే. నీటి అడుగున తోడు మనిషిని వదలకుండా ఉండడం ఒంటబడుతుంది. అయితే మాల్దీవుల నీటిలో పాతిక ముప్పై మీటర్ల దూరం స్పష్టంగా కనిపిస్తుంది కనుక, మన కన్ను లోతును తక్కువగా అంచనా వేస్తుంది. పైన పడవ అడుగు చక్కగా కనిపిస్తూ ఉండగానే మీరు 28 మీటర్లలో ఉంటారు. కన్నును నమ్మకుండా చేతికి ఉన్న డైవ్ కంప్యూటర్‌ను నమ్మే అలవాటు ముందే చేసుకోవాలి. నీటిలోకి దిగి ఆరు నెలలు దాటితే, బయలుదేరే ముందు కొలనులోనైనా ఒక పునశ్చరణ తరగతి తీసుకోవాలి.

ఆరోగ్య ప్రశ్నపత్రాన్ని పడవ మీద నింపవచ్చులే అని వదిలేయవద్దు. ఉబ్బసం, రక్తపోటు, మధుమేహం, చెవికి జరిగిన శస్త్రచికిత్స వంటి వాటిలో ఒక్కదానికి ‘అవును’ అని రాసినా వైద్యుడి సంతకం అడుగుతారు. నడిసముద్రంలో ఆ సంతకం దొరకదు, నిజం దాచి సంతకం పెట్టడం ప్రాణాపాయం. మామూలు ప్రయాణ బీమా పాలసీలు చాలావాటిలో స్కూబాకు మినహాయింపు ఉంటుంది కనుక, డైవింగ్ ప్రమాదాలకూ, అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే పీడన గది చికిత్సకూ, అత్యవసర తరలింపుకూ వర్తించే బీమాను విడిగా తీసుకోవాలి. భారతీయులకు ముందస్తు వీసా అవసరం లేదు; విమానం దిగాక ఉచితంగా ఇస్తారు. అయితే ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో వివరాలు నింపాలి. మద్యం, పంది మాంసం, ఈ-సిగరెట్లు దేశంలోకి తీసుకురాకూడదు. పడవ ధరలో, పర్యాటకుల నుంచి ప్రభుత్వం వసూలు చేసే హరిత పన్ను కలిసి ఉన్నదో లేదో అడగండి. 2025 జనవరి నుంచి అది మనిషికి రోజుకు 12 డాలర్లు.

పడవను ఎంచుకొనేటప్పుడు

ఫోటోల్లో పడకగది ఎంత అందంగా ఉన్నదో అందరూ చూస్తారు. నేను మొదట అడిగేది మంటలు వస్తే పడకగది నుంచి బయటపడడానికి ఎన్ని దారులున్నాయని. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కాన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తెల్లవారుజామున తగలబడినప్పుడు, కింది అంతస్తులో నిద్రిస్తున్న 34 మంది బయటికి రాలేక చనిపోయారు. ఆ రాత్రి మేలుకొని కాపలా తిరిగే మనిషి లేడని విచారణలో తేలింది. కనుక రాత్రంతా కాపలా ఉంటుందా, పొగను పసిగట్టే పరికరాలు పనిచేస్తున్నాయా, అత్యవసర ఆక్సిజన్ ఎంత ఉంటుంది, ఒక్కొక్క గైడు వెంట ఎంతమంది డైవర్లు దిగుతారు అన్న నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. జవాబు ఇవ్వడానికి విసుక్కునే పడవను వదిలేయండి. ఎక్కిన రోజే మీ గది నుంచి డెక్కు మీదికి కళ్ళు మూసుకొని తడుముకుంటూ ఒకసారి నడిచి చూడాలి. కెమెరా, టార్చి బ్యాటరీలను మీరు మేలుకొని ఉన్నప్పుడు, మనుషులు తిరిగే చోట మాత్రమే చార్జింగ్ పెట్టాలి. పడుకునే ముందు తీసేయాలి.

సామాను గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. నీరు 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంటుంది కనుక 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. అయితే రోజుకు మూడుసార్లు గంటసేపు నీటిలో ఉంటే నాలుగో రోజుకు ఆ వెచ్చని నీరు కూడా చలి పుట్టిస్తుంది. తల మీద వేసుకునే పల్చని హుడ్ ఒకటి ఉంచుకుంటే మేలు. మీ ముఖానికి సరిపోయిన మాస్కు, మీ సొంత డైవ్ కంప్యూటర్, ప్రవాహంలో దిబ్బకు తగిలించుకునే రీఫ్ హుక్, మీరున్న చోటు పడవకు తెలిసేలా గాలి నింపి నీటి మీదికి పంపే పొడవాటి నారింజ రంగు గొట్టం (దీనినే ఎస్‌ఎంబీ అంటారు), దానికి దారపు రీలు, ఒక ఈల తప్పనిసరి. మిగిలినవి అద్దెకు దొరుకుతాయి. కంప్యూటర్‌ను మాత్రం అద్దెకు తీసుకోవద్దు, తీసుకున్నా రోజుకొకటి మార్చవద్దు. నిన్నటి నత్రజని లెక్క నిన్నటి కంప్యూటర్‌లోనే ఉంటుంది. పెద్ద చక్రాల పెట్టెకు పడవలో చోటు ఉండదు కనుక మడిచి పెట్టగలిగే మెత్తని సంచి తెచ్చుకోవాలి.

మొదటి రోజు: ధోనీ మీద

మాల్దీవుల లివ్‌అబోర్డ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. డైవింగ్ పెద్ద పడవ నుంచి జరగదు. దాని వెంట తిరిగే ధోనీ అనే మరో పడవలోనే సిలిండర్లు, గాలి నింపే కంప్రెసర్, అందరి సామగ్రి ఉంటాయి. ఆ పేరు వింటే మన దోనె గుర్తుకు వస్తుంది. రెండూ ఒక కుటుంబపు మాటలే. కంప్రెసర్ శబ్దమూ, తడి సామగ్రి వాసనా పడకగదుల దగ్గరికి రాకపోవడం దీనివల్ల కలిగే సుఖం. ఎంతటి ఇరుకు కాలువలోకైనా వెళ్ళి డైవర్లను ఎక్కించుకోగలగడం దీని అసలు ప్రయోజనం.

ధోనీలో ప్రతివారికి ఒక స్థానం కేటాయిస్తారు. మీ సిలిండర్‌ను అక్కడి నుంచి కదపకుండానే ప్రతిసారీ నింపుతారు కనుక, బీసీడీ (గాలి నింపి, తీసి తేలడాన్ని అదుపు చేసే జాకెట్), రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) వారమంతా అక్కడే అమర్చి ఉంటాయి. సౌకర్యంగా ఉన్నట్టు కనిపించే ఈ పద్ధతిలోనే అజాగ్రత్తకు చోటు ఉన్నది. నింపేవారు వాల్వు మూసి ఉంచి, తిరిగి పూర్తిగా తెరవకపోవచ్చు. సగం తెరిచిన వాల్వు పడవ మీద గాలి ఇస్తుంది, 25 మీటర్ల కింద ఇవ్వదు. అందుకని ప్రతి డైవ్‌కు ముందు, పన్నెండోసారైనా సరే, ఈ ఒక్క పని మీ చేతులతో మీరే చేయండి: వాల్వును పూర్తిగా తెరవండి, ప్రెజర్ గేజ్‌ను కళ్ళ ముందు పెట్టుకొని రెగ్యులేటర్ నుంచి నాలుగైదుసార్లు గట్టిగా ఊపిరి పీల్చండి. ముల్లు 200 బార్ (గాలి పీడనపు కొలత) దగ్గర కదలకుండా నిలబడి ఉంటే సరే. పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోయి మళ్ళీ లేస్తూ ఉంటే వాల్వు సరిగా తెరుచుకోలేదని అర్థం. ఆ తరువాత ఆక్టోపస్ అనే అదనపు నోటి గొట్టం నుంచి కూడా రెండు గుక్కలు పీల్చి చూడాలి, ఎందుకంటే దానిని వాడవలసి వచ్చేది మీరు కాదు, గాలి అయిపోయిన మీ తోడు మనిషి.

మొదటి డైవ్ ఎప్పుడూ లోతు లేని ప్రశాంతమైన చోట, గైడు మిమ్మల్ని పరిశీలించడం కోసం పెడతారు. దానిని తేలికగా తీసుకోకుండా, మునగడానికి నడుముకు కట్టుకునే సీసపు బరువును సరిచూసుకోవడానికి వాడుకోవాలి. నిండు సిలిండర్‌లో ఉన్న గాలి బరువు రెండున్నర కిలోలకు పైనే ఉంటుంది. డైవ్ ముగిసేసరికి అందులో సుమారు రెండు కిలోలు తగ్గిపోతుంది కనుక, మొదట్లో సరిపోయిన బరువు చివర్లో చాలకపోవచ్చు. అందుచేత డైవ్ చివర 50 బార్ మిగిలి ఉన్నప్పుడు 5 మీటర్ల దగ్గర, బీసీడీలో గాలి లేకుండా నిశ్చలంగా నిలబడగలుగుతున్నారేమో చూడండి. పైకి తేలిపోతుంటే ఒక కిలో కలపండి, మునిగిపోతుంటే ఒక కిలో తీసేయండి. ఈ పది నిమిషాల శ్రమ వారమంతా మీ గాలినీ, మీ కింద ఉన్న పగడాలనూ కాపాడుతుంది.

కాలువ డైవ్

మాల్దీవుల డైవింగ్‌కు ప్రాణం కాలువలే. నిజానికి అక్కడ పోటుపాట్ల తేడా సుమారు ఒక మీటరే. అంత విశాలమైన వలయంలోని నీరంతా ఇరుకైన కాలువల గుండా రావాలి, పోవాలి కనుక, రుతుపవన ప్రవాహం కూడా దానికి తోడై, వడి ఊహించనంతగా పెరుగుతుంది. నీరు లోపలికి వస్తున్నప్పుడు మాత్రమే కాలువలో డైవ్ చేస్తారు: నీరు స్వచ్ఛంగా ఉంటుంది, పట్టు తప్పినా మనిషి వలయం లోపలికే కొట్టుకుపోతాడు. నీరు బయటికి పోతున్నప్పుడు దిగితే మసక నీటిలో మహాసముద్రం వైపు పోతారు. అందుకే గైడు ముందుగా తానొక్కడే దూకి, నీటి దిశ చూసి, తిరిగి వచ్చి, అవసరమైతే అప్పటికే వెట్‌సూట్ వేసుకొని సిద్ధంగా ఉన్న అందరినీ కూర్చోమని చెప్పి మరో చోటికి తీసుకుపోతాడు. అప్పుడు గొణుక్కోవద్దు. అలా చోటు మార్చే గైడు దొరకడం మీ అదృష్టం.

ఇక్కడ నీటి మీద తేలుతూ ఒకరి కోసం ఒకరు ఆగడం కుదరదు. బీసీడీలో గాలి పూర్తిగా తీసేసి, సరంగు సంకేతం ఇవ్వగానే జట్టంతా ఒకేసారి దూకి, ఆగకుండా కిందికి పోవాలి. చెవులను దూకే ముందే ఒకసారి సమం చేసుకోవాలి, దిగేటప్పుడు ప్రతి మీటరుకూ సమం చేసుకుంటూ పోవాలి. కాలువ ముఖద్వారపు అంచు చేరగానే దిబ్బకు దగ్గరగా, పొట్టను నేలకు ఆనించినంత కిందుగా ఉండాలి. అక్కడ వడి తక్కువ. బతికి ఉన్న పగడాన్ని తాకకుండా, నిర్జీవమైన రాతి పగులు చూసి హుక్ తగిలించి, బీసీడీలో కొద్దిగా గాలి నింపితే, గాలిపటం దారానికి వేలాడినట్టు మీరు నిలబడిపోతారు. ఇక కదలవద్దు. బూడిద రంగు సొరలు కదలని మనుషుల దగ్గరికి తమంతట తామే వస్తాయి. చేతులు ఊపేవారినీ, కెమెరా ముందుకు చాచి ఈదేవారినీ చూసి దూరంగా పోతాయి. 2010లో మాల్దీవుల్లో సొరల వేటను పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు కాలువల్లో అవి ఇలా నిర్భయంగా కనిపించడంలో ఆ నిర్ణయానికి పెద్ద వాటా ఉంది.

నా రెండవ ప్రయాణంలో, వావులోని ఒక కాలువలో, హుక్ తీయమని గైడు సంజ్ఞ చేసిన తరువాత కూడా నేను ఒక సొరను చూస్తూ అర నిమిషం ఆగాను. హుక్ తీసి తల ఎత్తేసరికి జట్టు కనిపించలేదు. నిబంధన ప్రకారం ఒక నిమిషం వెతికి, నెమ్మదిగా పైకి వచ్చి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, అక్కడి నుంచే ఎస్‌ఎంబీని పైకి పంపాను. నీటి మీదికి వచ్చి చూస్తే ధోనీ చేతి వేలంత కనిపిస్తోంది. కెరటాల మధ్య నా తల వారికి కనిపించే అవకాశమే లేదు; నిటారుగా నిలిచిన ఆ నారింజ రంగు గొట్టాన్ని చూసే సరంగు పడవను తిప్పాడు. అందుచేత ఎస్‌ఎంబీ గైడు దగ్గర ఉంటే చాలునన్న మాటను ఒప్పుకోవద్దు. ప్రతివారి దగ్గరా ఉండాలి, దానిని 5 మీటర్ల లోతు నుంచి దారం చిక్కుపడకుండా వదలడం ఇంటి దగ్గరే కొలనులో పదిసార్లు అభ్యాసం చేసి ఉండాలి. తోడు మనిషి, మీరు ఒకరి చేయి ఒకరికి అందేంత దూరంలో హుక్‌లు తగిలించుకోవాలి.

నీరు కిందికి లాగుతున్నట్టు అనిపిస్తే, అంటే ఊపిరి బుడగలు పైకి పోకుండా పక్కకో కిందికో పోతుంటే, ఎదురు తన్నుకొని గాలి ఖర్చు చేయకుండా దిబ్బను ఆసరా చేసుకొని పక్కకు జరగాలి. ఈ ప్రవాహాలు కొద్ది మేర మాత్రమే ఉంటాయి.

నత్రజని లెక్క

ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కనుక, 30 మీటర్ల దగ్గర శరీరం మీద ఉపరితలం కంటే నాలుగు రెట్ల ఒత్తిడి ఉంటుంది; పీల్చే గాలిలోని నత్రజని ఆ మేరకు రక్తంలోకి, అక్కడి నుంచి కొవ్వులోకి, కీళ్ళలోకి చేరుతుంది. రక్తం త్వరగా వదిలేస్తుంది, కొవ్వు, కీళ్ళు ఆలస్యంగా వదులుతాయి. వదలకముందే త్వరగా పైకి వస్తే అది బుడగలుగా మారి ఒంటికి హాని చేస్తుంది. రోజుకు ఒక డైవ్ చేసేవారికి రాత్రికి చాలావరకు బయటికి పోతుంది. రోజుకు మూడు చొప్పున ఆరు రోజులు చేసేవారికి నిన్నటి నిల్వ మీద నేటిది చేరుతుంది.

దీనికి మొదటి మార్గం నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి. మామూలు గాలిలో 79 శాతం ఉండే నత్రజని, 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌లో 68 శాతానికి తగ్గుతుంది. ఆక్సిజన్ పీడనం 1.4 బార్ దాటకూడదన్న పరిమితి ఈ మిశ్రమానికి సుమారు 33 మీటర్ల దగ్గర వస్తుంది కనుక, మాల్దీవుల 30 మీటర్ల నిబంధనకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఆ 32 అన్న అంకెను ఎవరి మాట మీదా నమ్మవద్దు. ఆక్సిజన్ శాతం కొలిచే ఎనలైజర్‌ను సిలిండర్‌కు మీరే ఆనించి, అంకె నిలకడ చెందేవరకు ఆగి, వచ్చిన శాతాన్ని సిలిండర్ నంబరుతో పాటు పుస్తకంలో రాసి సంతకం చేసి, అదే శాతాన్ని కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. నైట్రాక్స్ పీల్చుతూ కంప్యూటర్‌ను గాలి లెక్కలోనే ఉంచితే అది ఇంకా ముందుగా పైకి రమ్మంటుంది. ఆ అదనపు జాగ్రత్తను వారం చివరి రోజుల్లో నేను కావాలనే తీసుకుంటాను.

రెండవ మార్గం ఖర్చు లేనిది: కొన్ని డైవ్‌లు మానేయడం. డబ్బు కట్టాము కనుక అన్నీ చేయాలన్న పట్టుదల ఈ ప్రయాణాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. నాలుగో రోజు మధ్యాహ్నం డైవ్ మానేసి నిద్రపోండి. రోజులో లోతైన డైవ్‌ను ముందు చేయండి, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రండి, 5 మీటర్ల ఆగింపును మూడు నిమిషాలతో సరిపెట్టకుండా గాలి ఉంటే ఐదు నిమిషాలు చేయండి. కొబ్బరి నీళ్ళో మజ్జిగో మంచినీళ్ళో మూత్రం తెల్లగా వచ్చేంతగా తాగండి. డైవ్ తరువాత కీలులో మొండి నొప్పి, చర్మం మీద దురద లేదా మచ్చలు, తిమ్మిరి, ఎన్నడూ లేనంత నీరసం కనిపిస్తే, నిద్ర లేకపోవడం వల్లనో బరువు ఎత్తడం వల్లనో అని సర్దిచెప్పుకోకుండా వెంటనే గైడుకు చెప్పి ఆక్సిజన్ తీసుకోవాలి. మాల్దీవుల్లో బండోస్, కురమతి దీవుల్లో పీడన గదులున్నాయి. మీ పడవ తిరిగే దారి నుంచి ఏది దగ్గరో మొదటి రోజే అడిగి ఉంచుకోండి.

చెవులు, కడుపు

వారం మధ్యలో డైవింగ్ మానేసినవారిలో నేను చూసినంతలో ఎక్కువమంది చెవి పోటు వల్లనే మానేశారు. పగలంతా తడిగా ఉండే చెవి గొట్టంలో సూక్ష్మజీవులు పెరిగి వాపు వస్తుంది. ప్రతి డైవ్ తరువాత మంచినీటితో చెవులు కడుక్కొని, తల వంచి నీరు పోనిచ్చి, తువాలుతో బయట మాత్రమే తుడవాలి. దూది పుల్ల పెట్టడం, గులిమి తీయడం వారమంతా నిషిద్ధం. కర్ణభేరికి రంధ్రం లేదని వైద్యుడు చెప్పినవారు ఎసిటిక్ ఆమ్లం ఉన్న చుక్కల మందు వాడుకోవచ్చు. జలుబు చేసినప్పుడు ముక్కు మందు వేసుకొని దిగితే, దాని ప్రభావం నీటి అడుగున తీరిపోయి, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి చిక్కుకుంటుంది. ఆ పూట దిగకపోవడమే సరైన పని.

పడవ ఊగడం పడనివారు మాత్రను వైద్యుడిని అడిగి ఎంచుకొని, ముందుగా ఇంటి దగ్గర ఒకరోజు వేసుకొని మత్తు వస్తుందేమో చూసుకోవాలి. మత్తు ఇచ్చే మాత్ర వేసుకొని 25 మీటర్ల కిందికి దిగకూడదు. పొద్దున ఐదున్నరకు లేవగానే ఏమీ తినకుండా దిగితే వికారం ఎక్కువవుతుంది; రెండు బిస్కెట్లు, అల్లం టీ చాలు. అసలు ఫలహారం మొదటి డైవ్ తరువాత ఉంటుంది. ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లి, మిరపకాయ, నిమ్మరసం కలిపిన మాస్ హునిని రొషి అనే రొట్టెతో పెడతారు. మన నాలుకకు అది వెంటనే నచ్చుతుంది. శాకాహారులు నెల ముందే పడవవారికి తెలియజేయాలి, ఎందుకంటే కూరగాయలన్నీ రాజధాని మాలేలో ఎక్కించుకొని బయలుదేరవలసిందే. ఆవకాయ, కందిపొడి తీసుకువెళ్ళినా, వాటిని రాత్రి భోజనానికే ఉంచుకోండి; తల కిందికి పెట్టి దిగేటప్పుడు కారం, నూనె గొంతులోకి ఎగదన్నితే చాలా బాధ.

నీటి అడుగున మెలగవలసిన తీరు

మాంటా మన టేకు చేపకు పెద్దక్క వంటిది. దిబ్బల దగ్గర కనిపించేవి రెక్కల చివరి నుంచి చివరికి మూడు నాలుగు మీటర్లు ఉంటాయి. కొన్ని పగడపు బండల మీద క్లీనర్ రాస్ అనే వేలెడు చేపలు కాపురం ఉంటాయి. మాంటా ఆ బండ మీద వేగం తగ్గించి, నోరూ మొప్పలూ తెరిచి గాలిలో ఆగిన గద్దలా నిలబడుతుంది. ఆ చిన్న చేపలు లోపలికి దూరి పరాన్నజీవులను ఏరుకు తింటాయి. మీరు బండకు పక్కగా, దిగువన, నేల దగ్గర ఆగి ఉంటే అది మీ తల మీదుగా మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. బండ మీదికి వెళ్ళినా, కింది నుంచి బుడగలు దాని పొట్టకు తగిలించినా, వెళ్ళిపోయి ఆ పూటకు తిరిగి రాదు. పొట్ట మీది నల్ల మచ్చల అమరిక మన వేలిముద్ర వలె ఒక్కొక్క దానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక, పొట్ట వైపు తీసిన ఫోటోలు పరిశోధకులకు పనికి వస్తాయి. దక్షిణ అరిలో ఏడాది పొడవునా కనిపించే తిమింగల సొర విషయంలో కనీసం మూడు మీటర్ల దూరం పాటించాలి, ఫ్లాష్ వాడకూడదు, దాని ముందు అడ్డంగా ఈదకూడదు.

ఉత్తర అరిలోని మాయ తిల వద్ద రాత్రి డైవ్‌లో, తెల్ల మొన సొరలు, మలుగుపాము జాతికి చెందిన మోరేలు వేటాడతాయి. టార్చి వెలుగును ఒక చిన్న చేప మీద నిలిపితే వేటగాళ్ళు ఆ వెలుగును వాడుకొని దానిని పట్టేస్తాయి. వెలుగును నేల మీదికి దించి ఉంచండి, వేటను దాని దారిన దానిని జరగనివ్వండి.

పగడాలు 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కినప్పుడు విస్తారంగా తెల్లబారాయి. పగడపు జీవి ఒంట్లో ఉండి ఆహారం సమకూర్చే శైవలాలు వేడికి వెళ్ళిపోతే రంగు పోతుంది; అవి తిరిగి రాకపోతే పగడం ఆకలితో చనిపోతుంది. ఇప్పుడు మీకు కనిపించే బల్లపరుపు పగడాల్లో చాలావరకు ఆ దెబ్బల తరువాత మొలిచినవే. కాలికి తొడిగే ఫిన్ ఒక్కసారి తగిలితే విరుగుతాయి. చేతి తొడుగులు వేసుకోవద్దు. వేసుకున్న చేయి పట్టుకోవాలని చూస్తుంది. చర్మానికి సన్‌స్క్రీన్ రాయడం కంటే పొడుగు చేతుల రాష్‌గార్డ్ అనే ఈత చొక్కా వేసుకోవడం మీకూ దిబ్బకూ మంచిది.

చివరి రోజు

పలు రోజుల డైవింగ్ తరువాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వైద్యుల సూచన. చాలా పడవలు 24 గంటలు పాటిస్తాయి, మీరూ 24 గంటలే పాటించండి. చివరి డైవ్ ముగియగానే సామగ్రిని మంచినీటిలో నానబెట్టాలి. రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగానికి (మొదటి దశకు) మూత బిగించిన తరువాతనే నీటిలో ముంచాలి, బీసీడీ లోపల కూడా మంచినీరు పోసి, కుదిపి, వంచేయాలి. ధోనీ సిబ్బందికి ఇవ్వదలచిన డాలర్లను విడి కవరులో పెట్టి అందరికీ చెందేలా ఇవ్వండి. సిలిండర్లు నింపిన కుర్రాడు సాధారణంగా వీడ్కోలు సమయానికి కంప్రెసర్ దగ్గరే ఉంటాడు.

మిగిలిన పూట మాలేలో గడపవచ్చు. అక్కడ 1658లో కట్టిన హుకురు మిస్కీ అనే మసీదు ఉంది. దాని గోడలు పగడపు రాళ్ళతో కట్టినవి. ఆ రోజుల్లో దిబ్బల నుంచి తీసిన పగడాన్ని చెక్కపని వలె చెక్కి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా అమర్చారు. లోపలికి వెళ్ళడానికి అనుమతి కావాలి, బయటి గోడలను, సమాధి రాళ్ళను అందరూ చూడవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకొని, శుక్రవారం మధ్యాహ్నపు నమాజు వేళ కాకుండా చూసుకొని వెళ్ళండి. ఆ గోడకు కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తే, చెక్కిన తీగల మధ్య, పగడపు జీవులు ఒకప్పుడు కాపురం ఉన్న నక్షత్రాల వంటి చిన్న గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి.